ఫ్రేములోంచి తప్పుకోని నాయనమ్మ

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. కళ గురించి నాకు తెలిసినంత ఎల్‌బీ నగర్ చౌరస్తా నుంచి హయత్‌నగర్ బస్ డిపో దాకా ఇంకెవరికీ తెలియదని. (డిపో దాటాక సంగతి నేను విచారించలేదు.) గుంటూరు వైపు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో దిగి, అల్మాస్‌గూడలోని ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరుగా చేరాను. ఆ ఏడే బడికి ఒక ప్రొజెక్టరూ, కొన్ని ట్యాబులూ వచ్చాయి. వాటి వెనకే ఏడో తరగతికి శనివారం 'డిజిటల్ ఆర్ట్' అని ఒక పీరియడ్ కూడా వచ్చింది. అది ఎవరి నెత్తిన పెట్టాలో తెలియక నా నెత్తిన పెట్టారు. అప్పటికి ట్యాబులో నాకు వచ్చిందల్లా బ్రైట్‌నెస్ తగ్గించడం ఒక్కటే. ఫోనులో వీడియోలు చూసి, పిల్లల కంటే ఒక్క పాఠం ముందుండేలా నానా తంటాలూ పడేదాన్ని.

ఆ పీరియడ్ మీద లెక్కల సారు కన్ను మొదటి రోజే పడింది. ఆయన పోరు పడలేక బడి యజమాని, అంటే మా కరస్పాండెంట్ సారు, నన్ను పిలిపించారు. "బతుకమ్మ ఫంక్షన్ల పేరెంట్స్‌కు ఏదన్న చూపెట్టుండ్రి మేడమ్. మంచిగుంటే పీరియడ్ మీదే. లేకుంటే లెక్కల సారుకు ఇచ్చేస్త" అన్నారు. పిల్లలకి ఈ సంగతి చెప్పగానే తరగతి మొత్తం దిగాలు పడింది. మిగతా క్లాసుల్లో నోరు విప్పని రెండు జడల పిల్లయితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళకి వారమంతా ఎదురుచూసే పీరియడ్ అదొక్కటే మరి.

అప్పుడు నాకు తట్టింది, బతుకమ్మ తనంతట తానే పేర్చుకుంటున్నట్టు సినిమా తీయాలని. ఒక వరస పూలు పెట్టడం, చెయ్యి తీసేయడం, ఫొటో కొట్టడం, మళ్ళీ ఇంకో వరస. ఫొటోలన్నీ గబగబా నడిపిస్తే పూలు వాటంతటవే లేచి కూర్చుంటాయి. "మనిషి కనిపిస్తే మాయ పోయినట్టే" అని పిల్లలకి ఉపన్యాసం కూడా ఇచ్చాను. తంగేడు పూలు టైంటేబుల్ చూసి పూయవని మాత్రం నాకు తోచలేదు. మొదటి శనివారం రెండు వరసలు పేర్చి బీరువాలో పెట్టి తాళం వేశాం. మళ్ళీ శనివారం తీస్తే అవి చీపురుపుల్లల్లా ఎండిపోయి ఉన్నాయి, పైగా చీమలు. ఫంక్షన్ చూస్తే ఆ వచ్చే వారమే. దానికీ ఉపాయం కనిపెట్టాను. పూర్తిగా పేర్చిన బతుకమ్మను తెప్పించి, పైనుంచి ఒక్కో వరసా విప్పుతూ ఫొటోలు తీసి, వెనక నుంచి ముందుకి నడిపిస్తే సరి! (ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను, ఇంకెవరూ మెచ్చుకోలేదు కనక.) బతుకమ్మను వాళ్ళ నాయనమ్మ పేర్చి తెస్తుందని రెండు జడల పిల్ల చెప్పింది.

ఫంక్షన్‌కి ముందురోజు నాయనమ్మ మీర్‌పేట్ నుంచి ఆటోలో, బతుకమ్మను ఒళ్ళో పెట్టుకుని దిగింది. పక్కన పిల్లల కోసమని ఇంకో సంచెడు పూలు. నేను చెప్పిందంతా ఓపికగా విని, నన్ను ఎగాదిగా చూసింది.

"పేర్సిన బతుకమ్మను ఇప్పుతరా టీచరమ్మా? మీ దిక్కు ఇప్పుతరేమో గని, మేమైతే నీళ్లల్లనే ఇడుస్తం."

మా దిక్కు అసలు బతుకమ్మే పేర్చరని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె తెచ్చినదాన్ని తడిగుడ్డ కప్పి పక్కన పెట్టి, ఇంకో తాంబాళం అడిగి, బల్ల వెనక కూర్చుని, సంచిలో పూలతో మొదటి నుంచీ పేర్చడం మొదలుపెట్టింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ నేను ఫొటో తీయబోయినప్పుడల్లా ఆమె కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుని, ఆధార్ కార్డు ఫొటోకి చూసినట్టు నా వైపే చూస్తోంది. కొంచెం పక్కకి తప్పుకోండి నాయనమ్మగారూ అని బతిమాలాను. "పేర్సేది నేను. నేను లేకుంటే ఫొటో ఎట్లయితది?" అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. వేరే దారి లేక అన్నీ అలాగే తీశాను.

కంప్యూటర్ సారు అవి చూసి, ఇదెంత పని, పూలను మటుకు ఉంచి మనిషిని కత్తిరించేద్దాం అన్నాడు. నేను సరే అనబోతుండగా రెండు జడల పిల్ల నా పక్కకొచ్చింది.

"నాయనమ్మకు ఏం చెప్పాలె మేడమ్? తెర మీద ఒస్తున్న అని గల్లీల అందరికి చెప్పింది."

నాయనమ్మను ఉంచితే పీరియడ్ పోతుందేమోనని భయం. తీసేస్తే ఆ పిల్ల మొహం మళ్ళీ ఎలా చూడను? ఉంచేయమన్నాను. ధైర్యమేమీ కాదు, ఆ పిల్ల ఎదురుగా నిలబడి ఉంది కనక.

మర్నాడు హాల్లో తెర మీద మొదటి ఫొటోలోనే నాయనమ్మ ప్రత్యక్షమైంది. పూలు ఒక్కో వరసా లేస్తుంటే వెనక ఆమె ఫొటో ఫొటోకీ కాస్త కదిలి, గంభీరంగా ఉలిక్కిపడుతున్నట్టు ఉంది. హాలంతా ఒకటే నవ్వు. నేను కరస్పాండెంట్ సారు వైపు చూడకుండా నేల చూస్తున్నాను. ఉన్నట్టుండి నవ్వులు తగ్గాయి. తలెత్తి చూస్తే, బతుకమ్మ పెరిగి పెరిగి నాయనమ్మ గడ్డాన్ని, నోటిని, కళ్ళను కప్పేస్తోంది. నా దిగుల్లో నేనుండి ముందురోజు ఇది గమనించనే లేదు. చివరికి తెరనిండా పూలే మిగిలాయి. ఒకరిద్దరు ఆడవాళ్ళు చేతులు జోడించారు. సరిగ్గా అప్పుడు ఆఖరి ఫొటో వచ్చింది. తాను కనపడనేమోనని నాయనమ్మ పూల పక్కనుంచి తల బయటికి పెట్టి చూస్తోంది! హాలు గొల్లుమంది. కరస్పాండెంట్ సారు కళ్ళు తుడుచుకుంటూ, శనివారం పీరియడ్ జోలికి పోవద్దని లెక్కల సారుతో అక్కడే చెప్పేశారు.

నేను పరిగెత్తుకెళ్ళి నాయనమ్మ చేతులు పట్టుకున్నాను. ఆమె మాత్రం చిన్నబుచ్చుకుని ఉంది.

"జర నవ్వమని చెప్పొద్దా టీచరమ్మా? అన్నిట్ల మొహం ముడుసుకొనే ఉన్న."

ఇప్పుడు ఫొటోలో అక్కర్లేని మనిషిని వేలితో రుద్ది మాయం చేసేయవచ్చు. అది నాకు నేర్పింది కూడా నా క్లాసు పిల్లలే. ఆ పాఠం చెప్పే రోజున, కెమెరా స్టాండు వెనక నిలబడి, బతుకమ్మ పేర్చే మనిషినే పక్కకి తప్పుకోమని బతిమాలుతున్న ఒక కుర్ర టీచరు నా కళ్ళముందుకొస్తుంది. ఎంత సీరియస్‌గా ఉండేదో పాపం, తనకీ ఎవరైనా జర నవ్వమని చెప్పి ఉండాల్సింది.