తువ్వాల వేసిన సీటు

మా తాత కోసం బస్సు ఆగే రోజులు పోయాయి. ఆ పొగరు మాత్రం నాకు మిగిలింది. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు బస్సు కిటికీలోంచి తువ్వాల వేసి సీటు పట్టాను. ఎక్కి చూస్తే అక్కడ బైబిలు పట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది.

“నా సీట్లోనే కూర్చుంటావా? లెయ్!” అని అరిచాను.

ఆమె లేచింది. నేను కూర్చోగానే వెనక సీటతను పకపకా నవ్వాడు. “నీ తువ్వాల నా కింద ఉండాది మామా! నువ్వేసింది ఈ సీటుకు!”

“అది నా సీటు కాదని తెలిసీ ఎందుకు లేచినావు?” అని ఆమె మీదే మండిపడ్డాను.

“నువ్వు శానా కోపంలో ఉండావప్పా. ఓర్చుకోమన్న ప్రభువు మాట ఆదివారానికేనా, బస్సులో వద్దా?”

జమ్మలమడుగు దాకా ఆమె నిలబడే వచ్చింది. నేను లేవలేదు. ఆమె నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఆ రోజే మరిచిపోయేవాణ్ణి.