కెప్టెన్ అక్క సీన్లు ఎవరు కోశారు?

1996లో బళ్లారిలో మా తమ్ముడు ప్రకాశం, నేను కలిసి కేబుల్ టీవీ నడుపుతున్నాం. డాబా మీద మూడు డిష్షులు, కింద ఒక గది. ఆ గదిని మా భాషలో హెడ్ ఎండ్ అంటారు. డిష్షు పట్టిన సిగ్నల్ అక్కడికి వస్తుంది, అక్కడి నుంచి తీగ మీద ఇళ్లకు పోతుంది. స్తంభాలెక్కే పని ప్రకాశానిది. గదిలో కూర్చుని కంప్లైంట్లు రాసుకోవడం, తప్పు ఎక్కడుందో తేల్చడం నా పని. మనిషి మాట వినగానే జబ్బు టీవీలో ఉందా, తీగలో ఉందా, డిష్షులో ఉందా అన్నది పదింట తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పేదాన్ని. ఆ పని నాకు బాగా వచ్చు. ఆ నమ్మకం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఆ ఏడాది రాకెట్ సీరియల్ మళ్లీ మొదలైంది. దానికి వేరే పేరుంది గానీ మా ఊళ్లో అందరూ అలాగే అనేవాళ్లు. ఎనభైల్లో ఢిల్లీ నుంచి హిందీలో ఏళ్ల తరబడి ఆదివారం పొద్దున వచ్చేది. ఒక కెప్టెన్ తన మనుషులతో గ్రహం నుంచి గ్రహానికి తిరుగుతుంటాడు. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆరేళ్ల తర్వాత ఒక ప్రైవేటు చానెల్ అదే కెప్టెన్ వేషగాణ్ణి పెట్టి కొత్తగా తీసింది. ఈసారి తెలుగులో డబ్బింగ్ చేసి వేస్తోంది. జనం మా ఆఫీసుకు వచ్చి మరీ ఆ చానెల్ పెట్టించుకున్నారు. నేను మాత్రం పాతది ఒక్కటీ చూడలేదు. మాది మిషన్ కాలం నుంచి ఉన్న క్రైస్తవ కుటుంబం. ఆదివారం పదింటికి మేం ఆరాధనలో ఉండేవాళ్లం.

మొదటి భాగం వచ్చిన మరునాడు ఫోను ఆగలేదు. బొమ్మ బాగుంది, శబ్దం బాగుంది. కానీ అందరిదీ ఒకటే మాట. కెప్టెన్ అక్క సీన్లు కట్ చేశారట. అడ్వర్టైజ్‌మెంట్లు ఇరికించుకోవడానికి మేమే కోసేశామని వాళ్ల అనుమానం. రెండో వారం కూడా అంతే. మూడో సోమవారం పదిమంది ఆఫీసుకే వచ్చారు. వచ్చే ఆదివారం అక్క కనపడకపోతే వీధి వీధంతా పక్క కేబులాయన దగ్గరికి పోతామన్నారు. నలభై ఇళ్ల వీధి అది. మాకున్న లైన్లలో పెద్దది.

వాళ్లు పోయాక రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. కంప్లైంట్లన్నీ ఒక్క బట్టల బజారు వెనక వీధి నుంచే వచ్చాయి. మామూలుగా ఒకే వీధి నుంచి వస్తే ఆ లైను మీది యాంప్లిఫైయర్ చూడాలి. దూరం పోయేకొద్దీ నీరసపడే సిగ్నల్‌కు బలమిచ్చే పెట్టె అది. ప్రకాశం ఎక్కి చూసి బాగానే ఉందన్నాడు. అయినా యాంప్లిఫైయర్ చెడిపోతే బొమ్మ మీద చుక్కలు పడతాయి గానీ, కథలోంచి ఒక మనిషి మాయం కాదు గదా.

గుంతకల్లులో కేబుల్ నడిపే ఒకాయనకు ఫోను చేశాను. ఆయన దగ్గరా అదే సీరియల్, అదే నిడివి. అక్క ఎవరని ఆయనే నన్ను అడిగాడు. ఆ ఆదివారం తెల్లవారుజామున జరిగే ఆరాధనకే వెళ్లొచ్చి, రిసీవర్ నుంచి నేరుగా వీసీఆర్‌లో మొత్తం భాగం రికార్డు చేశాను. అక్క లేదు. అక్క అన్న మాట కూడా లేదు.

సోమవారం మళ్లీ వచ్చినవాళ్లకు ఆ టేపు వేసి చూపించాను. టేపులోనూ కోసేశామన్నారు. అప్పుడు వాళ్లలో పెద్దావిడ, పూలమ్మే లక్ష్మమ్మ అంది:

"పాతదాంట్లో వారం వారం అక్కకు ఉత్తరం రాస్తాండె కదమ్మా ఆయప్ప. అక్క చేసిన జొన్నరొట్టె యాద్ చేసుకుంటాండె. ఇప్పుడు అక్క ఊసే లేదు. అంత మారిపోతాడా మనిషి?"

అంతరిక్షంలో జొన్నరొట్టె ఏమిటా అనుకున్నాను. ఆ సీరియల్ ఎవరింట్లో చూసేవారని ఒక్కొక్కర్నీ అడిగాను. అందరిదీ ఒకటే జవాబు, నాగేంద్ర శెట్టి ఇల్లు. ఆ రోజుల్లో వీధికంతా టీవీ ఆయన ఇంట్లోనే ఉండేది. బట్టల వ్యాపారం మీద బొంబాయి, షోలాపూర్ తిరిగిన మనిషి కాబట్టి హిందీ ఆయనొక్కడికే వచ్చు. కెప్టెన్ మాట్లాడుతుంటే పక్కన నిలబడి తెలుగులో చెప్పేవాడట.

మళ్లీ రిజిస్టరు తిప్పాను. నలభై ఇళ్లలో కంప్లైంటు రాని ఇల్లు ఒక్కటే. శెట్టిది.

ఆ మధ్యాహ్నం ఆయన దుకాణానికి వెళ్లాను. నన్ను చూడగానే మడతపెడుతున్న పంచె పక్కన పెట్టాడు. కూర్చోమన్నాడు. నేను నెమ్మదిగానే అడిగాను.

"అన్నా, కెప్టెన్‌కు అక్క ఉండాదా?"

శెట్టి పక్కన పెట్టిన పంచెను మళ్లీ తీసి మడతపెట్టాడు. ఆ తర్వాత చెప్పుకొచ్చాడు. పాత సీరియల్ వచ్చే రోజుల్లో వాళ్లక్క రత్నమ్మ భర్త పోయి పుట్టింటికి వచ్చిన కొత్త. గదిలోంచి బయటికి వచ్చేది కాదు. జనం చేరే ఆ ఒక్క గంటయినా నలుగురిలో కూర్చుంటుందని పిలిస్తే, రాకెట్లు నాకెందుకని లేచి పోబోయింది. ఆ క్షణంలో తెర మీద కెప్టెన్ ఏదో మీట గురించి మాట్లాడుతున్నాడు. అక్కకు ఉత్తరం రాస్తున్నాడని శెట్టి చెప్పేశాడు. రత్నమ్మ కూర్చుంది. మరుసటి వారం తనే వచ్చి, ఉత్తరానికి జవాబు వచ్చిందా అని అడిగింది.

"సుమ్నే, ఊరికే ఒక్క మాట అంటి, అంతే. దాన్ని ఏండ్లు సాకాల్సొచ్చె. ఇప్పుడు తెలుగులో వస్తాంటే సగం నా కల్పనే అని తెలిసిపోతాది. వీధిలో నగుతారు, నగనీలే. మా అక్క మూడు వారాల నుంచీ టీవీ ముందర కూర్చోని ఆయమ్మ కోసం చూస్తాంది, సువార్తమ్మా."

నిజం చెప్తే శెట్టి పరువు పోతుంది. చెప్పకపోతే మా లైను పోతుంది. ఆయన గుట్టు బయటపెట్టే హక్కు నాకు లేదని నాకు తెలుసు. దొంగతనం చేశామన్న మాట మోయాల్సిన పనీ నాకు లేదు. అదే ఆయనతో అన్నాను. వీధికి మీరేం చెప్పుకుంటారో మీ ఇష్టం, మీ అక్కకు మాత్రం మీ నోటితోనే చెప్పండి, వేరేవాళ్ల ద్వారా తెలిస్తే ఆమె తట్టుకోలేదు అన్నాను. ఆయన తలూపాడు.

ఆ సాయంత్రమే చెప్పాడట. రత్నమ్మ మూడు రోజులు తమ్ముడితో మాట్లాడలేదు. అన్నం పెట్టి పక్కకు వెళ్లిపోయేది. నాలుగో రోజు మా గదికి శెట్టి ఫోను చేశాడు. ఆదివారం సీరియల్ అయిపోగానే ఇంటికి రమ్మన్నాడు. వీధివాళ్లను కూడా పిలిచానన్నాడు.

వెళ్లేసరికి పాత రోజుల్లాగే హాలు నిండిపోయి ఉంది. చాలామంది తమ ఇళ్లలో టీవీలు వచ్చాక ఆ గడప తొక్కనే లేదట. శెట్టి టీవీ కట్టేసి నిలబడ్డాడు. అక్క అన్నది తను కల్పించిన మనిషనీ, కేబుల్ వాళ్లు ఏమీ కోయలేదనీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఎవరో నవ్వారు. లక్ష్మమ్మ మొహం చిన్నబోయింది. ఇన్నేళ్లూ మమ్మల్ని మోసం చేశావా అని ఒకాయన లేచి వెళ్లిపోయాడు కూడా.

వెనక గోడకు ఆనుకుని కూర్చున్న రత్నమ్మ అప్పుడు నోరు విప్పింది.

"పుట్టించినోనివి నువ్వే కదప్పా. ఆయమ్మ ఏమైనాదో కూడా నువ్వే చెప్పు."

ఆ మాటకు శెట్టి సిద్ధపడినట్టు లేదు. ఆగిపోయిన టీవీ వైపు కాసేపు చూశాడు. తర్వాత, ఎవరినీ చూడకుండా మొదలుపెట్టాడు.

"ఆరేండ్లు రాకెట్ యాడ పోయిండెనో ఎవురికీ తెల్దు. ఆయప్ప అక్క ఇంటికి పోయిండె. భూమ్మీద, నల్లరేగడి చేను పక్కన ఇల్లు. ఆయమ్మ గుర్తుపట్టలా. గుర్తుపట్టకున్నా కాళ్లకు నీళ్లిచ్చి రొట్టె పెట్టె. తిన్నంక, నువ్వు నా తమ్మునివి కదా అనె. ఆరేండ్లూ ఆడనే ఉండె. సేద్యం చేసె."

"మరి మళ్లా ఎందుకు పోయినాడు?" అంది రత్నమ్మ.

"అక్కే పొమ్మనింది. నాకేం, నేను బాగుండా, నీ పని నువ్వు చూసుకోపో అనింది."

"ఆ మాట అనే ఉంటాది," అని రత్నమ్మ లేచి లోపలికి వెళ్లి అందరికీ కాఫీ పెట్టింది.

నలభై ఇళ్లలో ఆరు పక్క కేబుల్‌కు వెళ్లిపోయాయి. మిగతావి నిలిచాయి. ఆ వీధివాళ్లు సీరియల్ ఎవరింట్లో వాళ్లు చూసి, అది అయిపోగానే అక్క కథ వినడానికి శెట్టి హాలుకు వెళ్లేవాళ్లు. ఆయన కథ సీరియల్ కన్నా రెండు నెలలు ఎక్కువే నడిచింది.

నా పనిలో తెలివికి కొదవలేదని ఇప్పటికీ అంటాను. అయినా ఆ మూడు వారాలు నేను వెతికింది మా తీగలో, మా పెట్టెలో. ఏదో పోయిందని జనం అంటే అది అబద్ధం కాదు. మనకు కనపడని చోట అది వాళ్లకు నిజంగా ఉండేది. ఆ తర్వాత కంప్లైంటు రాసుకునేటప్పుడు, ఇప్పుడేం రావడం లేదని అడిగే ముందు ఇంకో ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను. ఇంతకుముందు ఎట్లా వస్తుండేది, ఎవరితో కూర్చుని చూస్తుండేవారు? చాలా కంప్లైంట్లకు స్తంభమెక్కే పనే పడలేదు.