దీర్ఘం మింగిన గుండు

తేలిక గుండు మంచిదా, బరువు గుండు మంచిదా అని ఎవరు అడిగినా, వాళ్ళ మాట పూర్తి కాకముందే బరువుదే అనేవాణ్ణి. తుపాకీ చేతిలో ఉన్నన్నాళ్ళూ అదే మాట. తుపాకీ పోయి, సింగపూర్‌లో గాలపు కర్ర చేతికి వచ్చాక కూడా అదే మాట. మనిషికి దేశం మారాలంటే సవాలక్ష కాగితాలు కావాలి గానీ, మొండితనం వీసా లేకుండానే వెంట వచ్చేస్తుంది.

తుపాకీ అనగానే నన్నేదో షికారు దొర అనుకోకండి. చిత్తూరు వైపు అడవి అంచున మాకొక శనక్కాయ చేను ఉండేది. కాయ ఊరే వేళకు అడవిపందులు మందలుగా దిగేవి. పైరు కాపలాకని లైసెన్సు ఇచ్చిన నాటు తుపాకీ ఒకటి మా నాయన కాలం నుంచి ఇంట్లో ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, పీచు కుక్కి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. సీసం కరిగించి గుండ్లు పోసుకునేదీ మేమే. రాతి అచ్చులు రెండు ఉండేవి. ఒకదాంట్లో రేగుపండులా గుండ్రటి గుండు వచ్చేది. రెండోదాంట్లో అదే లావున, కానీ ఈతకాయలా పొడుగ్గా, చేతిలో వేసుకుంటే అరచెయ్యి కిందికి దిగేంత బరువుది వచ్చేది. నాకు ఆ ఈతకాయంటే ప్రాణం.

నా భార్య తమ్ముడు రేగుపండు పక్షం. ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చుని సీసం కరుగుతుండగా కరవకుండా కొట్లాడుకునేవాళ్ళం.

"బావా, మందు అంతే, తుపాకీ అదే. మూట బరువైతే ఎద్దు పరిగెత్తతాదా?" అనేవాడు వాడు.

"పరిగెత్తకపోతే మానె. కుమ్మిందంటే పక్కటెముకలు మిగలవు."

"కుమ్మేదానికి ముందు పంది దాకా పోవల్ల గదా!"

నిజం చెప్పాలంటే ఇద్దరి మాటలోనూ పస ఉంది. అదే మందుతో తేలిక గుండు వేగంగా పోతుంది, చాలా దూరం వంగకుండా పోతుంది. కాని ముదురు పంది భుజం ఎముకకు తగిలిందంటే అప్పడంలా అణిగి పైపైనే ఆగిపోతుంది. గాయపడ్డ పంది చేనును వదిలి మనిషి వెంట పడుతుంది. బరువు గుండు మెల్లగా పోతుంది, మధ్యలోనే నేలచూపులు చూస్తుంది, కాల్చేవాడి భుజాన్ని గుద్ది పోతుంది. కాని తగిలిందంటే లోపలికి దిగుతుంది. ఎంత దూరంలో కాలుస్తామన్నది తెలిస్తే ఏ గుండో తెలుస్తుంది. ఇంత చిన్న సంగతిని నేను పాతికేళ్ళు ఒప్పుకోలేదు.

ఒక సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, పెద్ద పంది ఒకటి చేను అవతలి గట్టున కనిపించింది. నేను మంచె మీద ఉన్నాను, తుపాకీలో ఈతకాయ ఉంది. "దూరం బావా, రానీ" అని బావమరిది గొణుగుతూనే ఉన్నాడు. నేను పేల్చాను. గుండు సగం దూరంలో మట్టి లేపింది. తుపాకీ నా భుజాన్ని వెనక్కి తోసింది. మంచెకు వెనకవైపు ఆధారం లేదని నాకు అప్పుడే గుర్తొచ్చింది. కింద బురదలో వెల్లకిలా పడి చూద్దును గదా, పంది కూడా తల ఎత్తి నా వైపే చూస్తోంది, వీడికేమయిందో అన్నట్టు. తర్వాత తీరిగ్గా వెళ్ళిపోయింది. మా వాడు పైనుంచి తొంగి చూసి, "బావా, పంది కంటే ముందు నువ్వే పడితివే!" అన్నాడు. ఆ మాట మా రెండు ఊళ్ళలో పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ తిరిగింది. నేను మాత్రం మంచె కట్టినవాడిదే తప్పు అన్నాను. మంచె కట్టింది నేనే.

తర్వాత చేను అమ్మాం, తుపాకీని స్టేషన్‌లో అప్పజెప్పాం, కూతురు నన్ను సింగపూర్‌లో, టాంపినీస్‌లోని తన ఫ్లాటుకు తెచ్చుకుంది. ఇక్కడ నాకు జరిగిన పెద్ద విశేషం అక్షరాలు రావడం. అప్పటిదాకా నేను వేలిముద్రగాణ్ణి. మనవరాల్ని వారం వారం తెలుగు క్లాసుకు తీసుకుపోయి బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణి. పాఠం చెప్పే అమ్మాయికి జాలి వేసిందో విసుగేసిందో, "బయట ఎందుకు తాతగారూ, లోపలికి వచ్చి కూర్చోండి" అంది. అలా నా మనవరాలూ నేనూ క్లాస్‌మేట్లం అయ్యాం. అది నాకంటే ముందు గుణింతం పూర్తి చేసింది. నేను దీర్ఘాల దగ్గర ఆగిపోయాను. నాకు దీర్ఘాలంటే గిట్టదు. అక్షరం మీద ఆ చిన్న కొక్కెం పెట్టినా పెట్టకపోయినా చదివేవాడికి తెలిసిపోదా అని నా వాదన.

"తాతగారూ, మళ్ళీ దీర్ఘం మింగేశారు" అనేది పంతులమ్మ.

"పరవాలేదులేమ్మా, అరుగుతుంది" అనేవాణ్ణి. పిల్లలందరూ నవ్వేవాళ్ళు. నేను పెద్ద చమత్కారినని మురిసిపోయాను.

ఆ మధ్య నా గుండెలో ఒక స్టెంటు వేశారు. అప్పటినుంచి కూతురికి నా దగ్గుకూ భయమే, నా మౌనానికీ భయమే. "ఛాతీలో బరువుగా ఉంటుంది నీకు, నాకు తెలుసు, దాస్తున్నావ్" అని రోజూ నిలదీసేది. లేదంటే నమ్మేది కాదు. నాకు మిగిలిన సుఖం ఒక్కటే. బస్సెక్కి పాసిర్ రిస్ సముద్రపు ఒడ్డుకు పోయి, చేపలు పట్టనిచ్చే చోట గాలం వేసి కూర్చోవడం. దానికి కూతురు షరతు పెట్టింది. చేరగానే మెసేజ్ పెట్టాలి, మధ్యలో మెసేజ్ పెట్టాలి. ఒక్కసారి తేడా వచ్చినా సముద్రం బంద్. ఒంటరిగా గడప దాటనియ్యదు. ఇంకో మాట కూడా చెప్పింది: "ఆ సీసాలు అంత బరువువి ఎందుకు నాయనా, తేలికవి తీసుకుపో. డాక్టర్ బరువులు మొయ్యొద్దన్నాడు గదా." సీసాలంటే గాలం దారానికి కట్టే సీసపు గుండ్లు. గుండంటే అరవంలో బాంబు కూడా గనక, బస్సులో ఆ మాట నోట రానివ్వొద్దని నాకు విడిగా హెచ్చరిక.

నేను తేలిక గుండ్లను బాల్కనీ డబ్బాలోనే వదిలి బరువువి పట్టుకుపోయాను. ఇది చెప్పనక్కరలేదు.

ఒడ్డున నాకొక సావాసగాడు ఉన్నాడు, తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ తమిళాయన, దాదాపు నా ఈడు వాడు. నాకు అరవం వచ్చు గనక ఇద్దరికీ పొసిగింది. ఆ రోజు ఆయన నా కర్రనూ, దానికి వేలాడే గుండునూ చూసి తల అడ్డంగా ఊపాడు.

"వేండాం అణ్ణే, వద్దు. కర్ర సన్నది, గుండు లావుది. ఊపితే దారం పుటుక్కుమంటుంది. ఇక్కడ నీళ్ళు నిమ్మళంగానే ఉన్నాయి గదా, తేలికది చాలు."

"నేను పందుల్ని కొట్టినవాణ్ణి అణ్ణే" అన్నాను.

"ఇక్కడ పందులు లేవు. చేపలు" అన్నాడు.

బలంగా ఊపి విసిరాను. దారం పుటుక్కుమంది. గుండు ఒక్కటే దూరంగా పోయి బుడుంగుమని మునిగింది. గాలం, ఎర అన్నీ దాంతోనే పోయాయి. ఇంకోటి కట్టి మెల్లగా విసిరాను. నా కాళ్ళ ముందరే పడింది. మూడోసారి కర్ర విరిగే ధ్వని చేసింది. తమిళాయన మర్యాదస్తుడు, సముద్రం వైపు తిరిగి నవ్వుకున్నాడు. నాకు ఎందుకో మంచె గుర్తొచ్చింది. తప్పు కర్రది కాదు, దారానిది కాదు, గుండే బరువు. కూతురు చెప్పిందే నిజం. పాతికేళ్ళ మొండితనం ఒక్క క్షణం పక్కకు జరిగింది, అదే క్షణంలో ఫోను తీసి, ఎలాగూ మెసేజ్ పెట్టాల్సిన వేళే గదా అని, వేలితో ఒక్కొక్క అక్షరం పొడుస్తూ రాసి పంపాను. ఫోనును సంచి అడుక్కి తోసి, తమిళాయన ఇచ్చిన తేలిక గుండు కట్టుకున్నాను.

నేను రాసింది ఇది: "నువ్వు చెప్పిందె నిజం. గుండె బరువు. తేలికది లేక ఇబ్బంది."

తేలిక గుండు ఎంత దూరం పోయిందో చూసి నేనే నోరు తెరిచాను. కాసేపటికి దారం గుంజుకుంది. చేప! నేను చక్రం తిప్పుతూ ఉండగా వెనక ఎవరో పరిగెత్తుకు వస్తున్న చప్పుడు. యూనిఫాంలో ఇద్దరు, చేతుల్లో పెట్టెలు.

"అంకుల్! చెస్ట్ పెయిన్?"

"నో పెయిన్. ఫిష్" అన్నాను.

వాళ్ళు నన్ను కూర్చోబెట్టాలని చూశారు. నేను చేపను వదలకూడదని చూశాను. చివరికి ఒకరు నా ఎడమ చేతికి బీపీ పట్టీ చుట్టారు, కుడి చేత్తో నేను కర్ర పట్టుకున్నాను. చేప తన దారిన తను పోయింది. ఇంతలో కూతురూ మనవరాలూ టాక్సీ దిగి వచ్చారు. కూతురి కాళ్ళకు రెండు వేరు వేరు చెప్పులు.

"నాయనా! ఎందుకు నిలబడినావ్? పడుకో, పడుకో!"

"చేప ఉండింది. ఇప్పుడు లేదులే."

"చేప ఏంది నాయనా! గుండె బరువుగా ఉందని నువ్వే గదా మెసేజ్ పెట్టినావ్! కాల్ చేస్తే ఎత్తవే!"

"నా గుండెకేమొచ్చిందే? బరువు గుండు! గుండే!" అని సంచిలోంచి ఒక గుండు తీసి ఆమె కళ్ళ ముందు ఊపాను. యూనిఫాం మనుషులు ఆ గుండునూ నన్నూ మార్చి మార్చి చూశారు. తమిళాయన వాళ్ళకు ఇంగ్లీషులో ఏదో విడమరిచి చెప్పాడు. వాళ్ళు కోప్పడలేదు, బీపీ బాగుందని చెప్పి, "టేక్ కేర్ అంకుల్" అని వెళ్ళారు. తిట్టి ఉంటే నాకు సిగ్గు కొంత తగ్గేది.

మనవరాలు తల్లి ఫోను లాక్కుని చదివి, తన సింగపూర్ ఇంగ్లీషులో అరిచింది.

"తాతా, నో దీర్ఘం లా! యూ రోట్ గుండె. మిస్ ఆల్వేస్ టెల్లింగ్ యూ వాట్!"

కూతురు అక్కడే గట్టు మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తేల్చుకోలేకపోయాను.

"గుండె అన్నావని కాదు నాయనా నేను ఆంబులెన్స్ పిలిచింది" అంది చివరికి. "నేను చెప్పింది నిజమని రాసినావు చూడు, దానికి. పుట్టినప్పటినుంచి ఆ మాట నీ నోట వినలా. అయిపోయింది, మా నాయన పనైపోయింది అనుకున్యా."

నేను చేతిలోని గుండును సంచిలో వేసి, కర్రకు దారం చుట్టాను.

టాక్సీలో తీర్పు చెప్పింది. సముద్రం బంద్. గాలపు కర్ర తలుపు వెనకకు చేరింది. నేను కింద బ్లాకు దగ్గర బెంచీ మీద కూర్చుని ఎవరి కుక్క ఎటు పోతోందో చూసి వచ్చేవాణ్ణి. మనవరాలికి జాలేసింది. తల్లితో ఏదో మంతనం చేసింది. ఒక ఆదివారం పొద్దున కూతురు నా ఎదుట కూర్చుని, "సరే నాయనా, పో. కానీ ఇంక రాయొద్దు. మాట్లాడి పంపు, వాయిస్ మెసేజ్" అంది.

సముద్రం తిరిగి వచ్చింది గదా, ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

"రాసే పంపుతా" అన్నాను. "ముసలితనంలో వచ్చినాయి నాకు అక్షరాలు. మళ్ళీ వేలిముద్రగాణ్ణి చేస్తావా?"

కూతురు లేచి లోపలికి పోయింది. మనవరాలి పలకలాంటి బోర్డు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అయితే రాయి. గుండు."

రాశాను.

"గుండే."

రాశాను. కొక్కెం పెట్టాను.

"గుండె."

రాశాను. మూడింటినీ వరసగా పైకి చదివాను. అంత చిన్న గీతకు అంత బరువుందని నేనెరగను. కూతురు దిద్దింది, పంతులమ్మ కంటే కఠినంగా. రెండోదాంట్లో దీర్ఘం సన్నగా ఉందని మళ్ళీ రాయించింది. తర్వాత బాల్కనీ డబ్బా తెచ్చి, నా సంచిలోని బరువు గుండ్లన్నీ ఏరి పక్కన పెట్టి, తేలికవి అందులో వేసింది. నేను అడ్డుపడలేదు. బావమరిది చూసి ఉంటే ఆ సంగతీ రెండు ఊళ్ళకూ చాటేవాడు.

ఆ మధ్యాహ్నం ఒడ్డున తేలిక గుండు కట్టి విసిరాను. పోయింది, పోయింది, ఎక్కడో పడింది. తమిళాయన బొటనవేలు ఎత్తాడు. నేను కళ్ళజోడు సవరించుకుని, "గుండు తేలిక. దూరం పోయింది" అని పంపాను.

వెంటనే జవాబు వచ్చింది: "గుండె?"

చాలాసేపు పొడిచి పొడిచి రాశాను. పంపేముందు తమిళాయనకు ఫోను చూపించి ఈ కొక్కేలు కనిపిస్తున్నాయా అని అడిగాను. ఆయనకు తెలుగు రాదు, అయినా కనిపిస్తున్నాయన్నాడు. పంపాను.

"అదీ తేలికే. చేపే పడలేదు."