ఆదివారం క్లాసులో మారయ్య చెకింగ్

కొత్తకోటలో మారయ్యకు ఎవరైనా మంచినీళ్లిస్తే ముందు గ్లాసు వైపు చూస్తాడు, తర్వాత ఇచ్చిన మనిషి వైపు చూస్తాడు, ఆ తర్వాతే తాగుతాడు. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఆర్టీసీలో కండక్టరుగా చేసిన ఉద్యోగం నేర్పిన గుణం. కిటికీలోంచి పొలాలను మరీ శ్రద్ధగా చూసేవాడి దగ్గర టికెట్ ఉండదని, కండక్టర్ దగ్గరికి రాగానే నిద్రపోయేవాడి దగ్గర అసలే ఉండదని, అడగకముందే "తీసుకున్న" అనేవాణ్ణి రెండుసార్లు అడగాలని ఆయనకు బాగా తెలుసు. రిటైరయ్యాక బస్సు పోయింది గానీ ఆ చూపు పోలేదు. దాన్ని ఎక్కడో ఒకచోట వాడాలి కదా, ఇంట్లోనూ వీధిలోనూ వాడుకుంటున్నాడు.

పాలాయన పోసిన పాలలో వేలు ముంచి నున్నటి బండ మీద జారవిడిచి చూస్తాడు. గ్యాసు సిలిండరు తెచ్చినవాడు పోయేలోపు దాన్ని రెండు చేతులా ఎత్తి బరువు చూస్తాడు. రెండేళ్ల కింద హైస్కూల్లో కంటి పరీక్షల క్యాంపు పెడితే అక్కడ కూడా చెకింగ్ చేశాడు. భార్య ఈదమ్మ కళ్లలోకి లైటు వేసి చూసిన డాక్టరమ్మ, చుక్కల మందు సీసా చేతిలో పెట్టి, ఆలస్యం చేయకుండా పాలమూరు పెద్ద దవాఖానకు పొమ్మంది.

"నొప్పి ఉన్నదానే?" అని మారయ్య అక్కడే పెళ్లాన్ని అడిగాడు.

"లేదు."

"గోడ మీది అక్షరాలు చదివినవు గదా?"

"చదివిన."

"నొప్పి లేదు, అక్షరాలు కనవడ్తున్నయి. ఇగ బీమారి ఏడున్నది మేడం?"

కంట్లో ఒత్తిడి ఎక్కువుందని, ఈ జబ్బుకు మొదట్లో నొప్పే ఉండదని ఆమె చెప్పబోయింది. మారయ్య వినలేదు. "ముందుగాల మందు పుక్కట్కు ఇస్తరు, ఎన్కసిరి ఆపరేషన్ అంటరు. నాకు తెల్వదా గీ దందా!" అని ఈదమ్మ రెక్క పట్టుకుని బయటికి తీసుకొచ్చి, ఆ సీసాను బడి గేటు పక్కన చెత్తలో పడేశాడు. ఈ సంగతి చాలాకాలం చాయ్ హోటల్లో చెప్పుకుని మురిసిపోయాడు. విన్నవాళ్లు కూడా మెచ్చుకున్నారు, అదీ మన ఊళ్ల సంగతి.

అలాంటి మనిషి పెళ్లాం ఉగాది దాటినప్పటినుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం తల దువ్వుకుని బయటికి పోవడం మొదలుపెట్టింది.

ఎక్కడికో దాచలేదు. గ్రంథాలయం వెనక రేకుల హాలులో పెద్దవాళ్లకు క్లాసులు జరుగుతున్నాయి. ఒక వారం నాటకం, ఒక వారం మట్టితో బొమ్మలు, ఒక వారం గుట్టల వెంట నడిచి చెట్లనూ పిట్టలనూ తెలుసుకోవడం. చెప్పేది డానియల్ అని రిటైరైన డ్రాయింగ్ మాస్టరు. వచ్చేవాళ్లలో బట్టలు కుట్టే సుమన నుంచి ఎరువుల దుకాణం నాగరాజు దాకా ఉన్నారు.

"ఫీజెంత?" అన్నాడు మారయ్య మొదటి రోజే.

"ఫీజు లేదు."

అంతే, ఆయన మనసులో విజిల్ మోగింది. ఫీజు లేనిచోట ఇంకేదో ఉంటుంది. ప్లాట్లు అమ్ముతాడేమో, గొలుసు వ్యాపారంలో చేర్పిస్తాడేమో, పేరు చూస్తే డానియల్, ప్రార్థనలకు తీసుకుపోతాడేమో. ఈ మూడోదానికి ఆధారం కోసం ఒక సాయంత్రం హాలుకు పోయి కిటికీ సందులోంచి చూశాడు. గోడకు పిట్టల బొమ్మల పటం, మూలన తడిబట్ట కప్పిన మట్టి ముద్ద తప్ప ఏమీ కనిపించలేదు. దొరకలేదంటే లేదని కాదు, జాగ్రత్తగా దాచారని ఆయన లెక్క.

ఇక ఇంట్లో ఈదమ్మను గమనించడం మొదలుపెట్టాడు. గమనించేకొద్దీ అనుమానాలు గుట్టలా పెరిగాయి.

పొద్దున లేవగానే ఆమె కళ్లు తడిగా ఉంటున్నాయి. ఎందుకని అడిగితే ప్రశ్న పూర్తికాకముందే "ఉల్లిగడ్డ కోసిన" అంటుంది. వంటింట్లో ఉల్లిగడ్డ పొట్టు ఒక్కటీ ఉండదు. కుర్చీ జరిపితే ఎన్నడూ లేనిది ఇంతెత్తున లేస్తోంది. చాయ్ పోసేటప్పుడు గ్లాసు అంచున వేలు పెట్టి పోస్తోంది. దీపాలు పెట్టాక గడప దాటమంటే దాటదు. ఎదురింటి యాదమ్మ పక్కనుంచి పలకరిస్తే చూడనట్టే పోతోందట. "మీ ఈదమ్మకు జర గీర వచ్చిందే మారన్నా" అని యాదమ్మ నవ్వుతూనే అన్నది గానీ ఆ మాట ఆయనకు గుచ్చుకుంది.

ఒక బుధవారం నాడు బస్టాండు పక్కన క్షవరం చేయించుకుంటుండగా అద్దంలో పాలమూరు బస్సు వచ్చి ఆగింది. అందులోంచి డానియల్ దిగాడు. వెనక్కి తిరిగి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకుని ఈదమ్మ దిగింది. సుమన దగ్గర జాకెట్ కుట్టించుకోను పోతున్నానని చెప్పి పొద్దున బయలుదేరిన ఈదమ్మ! రోడ్డు దాటేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

సగం గడ్డం సబ్బుతో మారయ్య కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. కోపం రావాలి కదా, రాలేదు. భయం వేసింది. టికెట్ లేనివాణ్ణి పట్టుకున్నప్పుడు ఏం చేయాలో ఆయనకు తెలుసు. ఇంటి మనిషిని పట్టుకుంటే ఏం చేయాలో ఏ డిపోలోనూ చెప్పలేదు. ఇన్నేళ్లు పక్కన ఉన్న మనిషి తనకు తెలియని ఏదో ఊరికి ఎక్కిపోతున్నట్టు అనిపించింది. ఇంటికి పోయి అడిగాడు, జాకెట్ అయిందా అని. "ఇంక కాలే, మళ్ల రమ్మన్నది" అన్నది ఈదమ్మ, స్టౌ మీది గిన్నె వైపు చూస్తూ. ఆ రోజు అన్నం సయించలేదు మారయ్యకు.

ఆదివారం ఆమె బయలుదేరుతుంటే తానూ చొక్కా తొడుక్కున్నాడు.

"నువ్వెందుకు?" అన్నది ఈదమ్మ.

"ఏం, నేను రావద్దా? పెద్దోళ్లకే గదా క్లాసు. నేను చిన్నపోరన్నా?"

ఆమె చెప్పులు తొడుక్కుంది. దారి పొడుగునా గోడ వారనే నడిచింది. అదీ గుర్తుపెట్టుకున్నాడు.

హాలులో డానియల్ లేచి ఎదురొచ్చాడు. "రండ్రి మారయ్యన్నా, ఇన్నొద్దులకు దారి దొరికిందా? కూసోండ్రి" అన్నాడు. మారయ్య తలుపు దగ్గర, చెప్పులన్నీ కనిపించే చోట కూర్చున్నాడు. చెప్పుల మీద ఒక కన్ను, డానియల్ మీద ఒక కన్ను.

ఆ వారం నాటకం క్లాసు. కళ్లకు గుడ్డ కట్టుకుని హాలులో అడ్డదిడ్డంగా పెట్టిన కుర్చీల మధ్యనుంచి నడవాలి. తలుపు దాటి, ఆవరణలో ఉన్న చెట్టును చేత్తో ముట్టుకుని, ఒక ఆకు తెచ్చి, వాసన చూసి దాని పేరు చెప్పాలి. వేదిక మీద దీపాలారినా బెదరకుండా ఉండటానికట. "కండ్లు మూసుకుంటే చెవులు, కాళ్లు పనిల వడ్తయి" అన్నాడు డానియల్. జతగా ఒకరు పక్కన నడవాలి, పడబోతేనే పట్టుకోవాలి.

మొదట నాగరాజు పోయాడు. రెండు చేతులు ముందుకు చాచి, కప్పలా అడుగులేసి, మూడో కుర్చీని కౌగిలించుకున్నాడు. హాలంతా నవ్వింది. సుమన దారి తప్పి గోడతో మాట్లాడింది. మారయ్యకూ నవ్వు రాబోయి ఆగింది.

"ఈదమ్మక్కా, నువ్వు రా. ఇయాల నీ జత మారయ్యన్న" అన్నాడు డానియల్.

ఈదమ్మకు గుడ్డ కట్టారు. ఆమె ఒక్క నిమిషం ఆగింది. అరికాలితో నేల రాస్తూ, మోచేతి వెనకభాగం కుర్చీల వీపులకు తగిలిస్తూ, ఎక్కడా తడబడకుండా నడిచిపోయింది. వంటింట్లోంచి వాకిట్లోకి పోయినంత తేలికగా పోయి, ఆకు తెంపుకొచ్చి ముక్కుకు ఆనించుకుని "కానుగ" అన్నది. అందరూ చప్పట్లు కొట్టారు.

మారయ్య కొట్టలేదు. ఆయన మనసు అప్పటికే తేల్చేసింది. అంత బాగా నడిచిందంటే టికెట్ లేనట్టే.

"ఆగుండ్రి" అన్నాడు లేచి. "గీ గుడ్డ పల్చగుంది. ఈమెకు మంచిగ కనవడ్తాంది. సర్వీసంత గిసుంటోళ్లనే వట్టిన, నా దగ్గర నడ్వది."

"మారయ్యన్నా, ఆట గది" అన్నది సుమన.

"ఆటల గూడ దొంగతనమెందుకు?"

మారయ్య తన భుజం మీది తువ్వాల తీసి రెండు మడతలు వేసి, ఈదమ్మ ముక్కు మీదిదాకా వచ్చేట్టు తానే గట్టిగా కట్టాడు. "ఇప్పుడు నడువు" అన్నాడు.

ఆమె నడిచింది. మళ్లీ అదే తీరు, అదే నిబ్బరం. ఆమె బయటికి పోయి ఆకు తెంపుతుండగా మారయ్యకు ఆఖరి ఉపాయం తోచింది. ఒక కుర్చీని చప్పుడు కాకుండా ఎత్తి ఆమె వచ్చే దారికి అడ్డంగా పెట్టాడు. కనబడుతుంటే తప్పుకుంటుంది, అక్కడే పట్టుబడుతుంది. డానియల్ "అన్నా, వద్దు" అంటూ పరుగున వచ్చేలోపే అయిపోయింది.

పోయిన దారే కదా అని గబగబా వచ్చిన ఈదమ్మ తప్పుకోలేదు. మోకాలు కుర్చీకి ఠపీమని తగిలింది. కుర్చీతో పాటు ఆమె కూడా నేల మీద పడింది. చేతిలోని కానుగ రెమ్మ ఎగిరి పక్కన పడింది.

హాలులో ఎవరూ నవ్వలేదు. ఈదమ్మ లేచి కూర్చుని, తువ్వాలను తానే పైకి లాగేసి ఒళ్లో పెట్టుకుంది. ఆ తర్వాత రెమ్మ కోసం నేల మీద తడమడం మొదలుపెట్టింది. అది ఆమె మోకాలి పక్కనే, పచ్చగా, పట్టపగటి వెలుతురులో పడి ఉంది. ఆమె చెయ్యి దాని ముందునుంచి పోయింది, వెనకనుంచి పోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

మారయ్య ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు తాను చూస్తున్నది అబద్ధమైతే బాగుండుననిపించింది.

"ఈదా" అన్నాడు, "నీ పక్కనే ఉన్నది గదా."

"ఏ పక్కన?" అన్నది ఆమె. తల పూర్తిగా అటు తిప్పి, కిందికి వంచి, అప్పుడు చూసింది. "ఆఁ, గిదో. సూటిగ ఉంటెనే జర కనవడ్తది. గొట్టంలకెల్లి చూసినట్టు. కుడికన్నుల అదీ లేదు."

"ఎప్పటిసంది?"

"నువ్వు సీసా పారేసినంక యాడాదికి మొదలైంది."

డానియల్ కుర్చీ నిలబెట్టి, ఆమెను చెయ్యి పట్టి లేపి కూర్చోబెట్టాడు. ఆ చెయ్యి పట్టుకోవడం మారయ్య బస్టాండులో చూసినదే. నీటికాసులని, చడీచప్పుడు లేకుండా చూపును తినేసే జబ్బని, తన తల్లికీ అదే వచ్చింది కాబట్టి ఈదమ్మ నడక చూసి పోల్చుకున్నానని డానియల్ నెమ్మదిగా చెప్పాడు. అప్పుడప్పుడు పాలమూరు తీసుకుపోతున్నది చూపించడానికే. పోయిన చూపు ఇక రాదు. రోజూ చుక్కలు వేసుకుంటే ఉన్నదన్నా నిలుస్తుందేమోనన్నారు. పొద్దున్నే ఆ కళ్లు తడిగా ఎందుకుంటాయో ఎవరూ చెప్పకుండానే మారయ్యకు అర్థమైంది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు.

"చెప్తే ఏం జేస్తుంటివి?" అన్నది ఈదమ్మ. కోపంగా కాదు, మామూలుగానే అన్నది. "డాక్టర్ను అడుగుతుంటివి, డానియల్ సార్ను అడుగుతుంటివి. ఆఖరికి నన్ను గూడ వేళ్లు సూపెట్టి ఎన్ని అని అడుగుతుంటివి. మళ్లొక సీసా పారేస్తుంటివి. గీ క్లాసుల జేరింది గందుకే. కండ్లు పూరాగ పోకముందే కాళ్లకు చేతులకు నేర్పుకుందామని."

మారయ్యకు చాయ్ హోటల్లో తానే చెప్పి నవ్వించిన కథ, బడి గేటు, ఆ చెత్త, అన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్లముందుకొచ్చాయి. అంతమంది ముందు కూలబడి ఏడ్చాడు. ఏడుపు ఎలా ఆపాలో తెలియక తువ్వాల కోసం భుజం తడుముకున్నాడు. అది ఈదమ్మ ఒళ్లో ఉంది.

మరునాడు పొద్దున ఆమె వంటింట్లోకి పోయేసరికి మారయ్య ముందే అక్కడున్నాడు.

"చుక్కలు ఏడ వెడ్తవు? నేనేస్త" అన్నాడు.

ఈదమ్మ బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి చిన్న సీసా తీసి ఇచ్చింది. మారయ్య ఎంతకాలం వెతికినా అక్కడ వెతికి ఉండేవాడు కాదు. ఒళ్లు దగ్గర పెట్టుకుని దాన్ని తుడిచి, మూత తీసి, "తల ఎన్కకు వంచు" అన్నాడు.

ఆమె తల వంచలేదు. చెయ్యి చాచింది. ఆయన సీసా ఇచ్చాడు. దాన్ని ఎడమకంటికి బాగా దగ్గరగా, ఆ మిగిలిన కాస్త చూపు ముందుకు తెచ్చుకుని, మీది చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది. సీసా మూతి దగ్గర వాసన చూసింది. తాను ఇచ్చిందే అవునో కాదో తేల్చుకునేదాకా చూసింది.

మారయ్య రెండు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టికెట్ ఉన్న ప్రయాణికుడు కూడా చెకింగ్ అయ్యేదాకా నిలబడాల్సిందే. ఆయన దగ్గర అదీ లేదు.

"గదే" అన్నది ఈదమ్మ చివరికి, సీసా తిరిగిస్తూ. "ఎయ్యి."