ఓడ దిగని మనిషి వాటా

మా తమ్ముడు పోయాడు. ఈ మాట రాసి పక్కన పెట్టి మళ్ళీ చదువుకున్నాను. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అర్థమే కుదరడం లేదు.

రంగూను వెళ్ళిన ఓడ మొన్న ఓడలరేవుకు తిరిగొచ్చింది. మనుషులంతా దిగారు. ఓడ నడిపే సరంగు దిగలేదు. ఆ సరంగే మా తమ్ముడు. అతని కింద పనిచేసే కళాసీ ఒకడు తిన్నగా మా గుమ్మం ముందుకొచ్చి, తలపాగా తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"ఏరా, మీ సరంగేడి? రేవులో ఇంకా ఎవరితో దెబ్బలాడుతున్నాడు?" అన్నాను.

"సరంగుగారు లేరండి, మామ్మగారూ. రంగూనులోనే పోయేరండి."

"ఓడ మీదనుంచి పడ్డాడా?"

"కాదండి. ఒడ్డు మీదేనండి. పొద్దున్న వాంతులు పట్టుకున్నాయండి, సాయంత్రానికి అయిపోయిందండి. మేమంతా బియ్యం కోసం ఏటి పైకెళ్ళేం. తిరిగొచ్చేసరికి అక్కడి రేవువాళ్ళే దహనం చేసేసేరండి."

ఒడ్డు మీద! ఎన్ని తుఫానుల్లోంచి బయటపడ్డాడో ఆ మనిషి! నాకు ఏడుపు రాలేదు. కళాసీని పట్టుకుని "అబద్ధం చెప్పడానికి వేరే ఇల్లు దొరకలేదట్రా?" అని కసిరాను. వాడు "ఆయ్, తిట్టండి" అని అక్కడే కూలబడి ఏడ్చాడు. అప్పుడు నమ్మాను.

చదివేవారికి మా తమ్ముడెలాంటివాడో చెప్పాలి. ఇంటికొస్తే నేల మీద నిద్ర పట్టేది కాదు. కదలని చోట పడుకోవడం మరిచిపోయాడు. నా మనవల్ని దింపేసి ఉయ్యాల బల్ల మీద తను పడుకునేవాడు, నెరిసిన మీసాలతో. "సిగ్గులేదట్రా?" అంటే "కొంచెం ఊపక్కా" అనేవాడు. ఊపేదాన్ని, ఏం చెయ్యను?

"సముద్రం మీద నాకు కోపం లేదక్కా, నమ్మకమే లేదు" అనేవాడు. ఓడ ఎక్కడానికి వచ్చిన ప్రతివాణ్ణీ పక్కకు పిలిచి ఒకే ప్రశ్న అడిగేవాడు: "మీ ఇంట్లో ఎన్ని నోళ్ళున్నాయండీ?" ఆ ప్రశ్న వెనక ఒక ఆడమనిషి కథ ఉంది.

మా వీధి చివర ఒక పెద్దమ్మగారుంది. ఆవిడ భర్త పడుచు వయసులో ఓడెక్కి వెళ్ళి తిరిగి రాలేదు. పోయినట్టు కబురూ లేదు, ఉన్నట్టు కబురూ లేదు. అలాంటివాడి కోసం పన్నెండేళ్ళు ఆగి, దర్భలతో బొమ్మ చేసి కాల్చి, అప్పుడు కర్మ చెయ్యడం మన ఆచారం. అందాకా ఆవిడ ముత్తైదువే. తోటి ఓడవాళ్ళు నాలుగు గింజలు పోగుచేసి ఇద్దామనుకుంటే ఊరిపెద్దలు వద్దన్నారు. ఇస్తే మనిషి చావు మనమే ఖాయం చేసినట్టవుతుందట. అంత దయగల ఊరు మాది! ఆ దయ తింటూ ఆవిడ పన్నెండేళ్ళు నిండు బొట్టు పెట్టుకుని ఇంటింటా దంపుళ్ళకు వెళ్ళి పిల్లల్ని సాకింది. దర్భబొమ్మ కాలిన రోజున అందరూ బియ్యం మోసుకొచ్చారు. "ఇప్పుడా? పిల్లలు పెద్దవాళ్ళయిపోయేరండి" అని ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూశాక మా తమ్ముడు ఆ పూట అన్నం తినలేదు.

తరవాత చెన్నపట్నం వెళ్ళినప్పుడు బీమా కచేరీ మెట్లెక్కాడు. ఓడకు బీమా ఉందన్నారు. సరుకుకూ ఉందన్నారు. "మరి మనుషులకండీ?" అని అడిగితే, మీవంటివాళ్ళకు లేదని దొరలు దుబాసీ చేత తెలుగులో చెప్పించారట. "అక్కా, ఓడ మునిగితే కొబ్బరి పీచుకు పరిహారం వస్తుంది. పీచు మోసినవాడి పెళ్ళానికి రాదు" అన్నాడు. "పోనీలే, ఈసారి పీచై పుట్టు" అన్నాను. నవ్వాడు గానీ మాట వదల్లేదు.

దొరలు చెయ్యనిది తనే చేశాడు. ఓడెక్కే ప్రతివాడూ ఇంట్లో నోళ్ళను బట్టి కొంత ధాన్యం ఉమ్మడి గాదెలో పొయ్యాలి. ఓడ తిరిగొచ్చి మనిషి దిగకపోతే వాడి ఇంటికి, పిల్లలు చేతికందేదాకా, ఆ గాదెలోంచి గింజలు వెళ్ళాలి. చచ్చాడా బతికాడా అని ఎవరూ అడగకూడదు. అదే అందులో కీలకం. బొట్టుకీ గింజలకీ ముడి తెంపేశాడు.

మొదట్లో తిట్టనివాడు లేడు. "బయల్దేరేటప్పుడు ఈ అపశకునమేమిటండీ, బతికుండగానే తద్దినం పెట్టిస్తారా?" అని ఒకాయన రేవులోనే ఎగిరాడు. మా తమ్ముడు చేతులు కట్టుకుని, "తద్దినమైతే మీరు పోయాక పెడతారండి. ఇది మీవాళ్ళు పోకుండా పెట్టేదండి. గింజలు పోస్తారా, ఓడ దిగుతారా?" అన్నాడు. ఆయన గొణుక్కుంటూనే పోశాడు.

ఇంత చేసినవాడి ఇంట్లోనే ఇప్పుడు పొయ్యి వెలగలేదు. కబురు తెలిసిన మర్నాడే గాదె తాలూకు ధాన్యం బండి మా మరదలి వాకిట్లో ఆగింది. ఆవిడ తలుపు గడియ వేసుకుంది. లోపల పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఆవిడ అన్నగారు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

"శవాన్ని చూసినవాడు ఒక్కడున్నాడా? మా చెల్లెలు పన్నెండేళ్ళూ ఆగుతుంది. బండి తోలుకుపొండి" అన్నాడు.

"ఆ పన్నెండేళ్ళూ పిల్లలకు మీరు పెడతారా, బాబూ?" అని అడిగాను.

ఆయన ఆకాశం చూశాడు.

తలుపు దగ్గర నిలబడి మరదల్ని పిలిచాను. తన మొగుడు పెట్టిన నియమమే అన్నాను, ఎవరూ ఏమీ అడగరన్నాను. నాకు వచ్చిన చదువంతా వాడేశాను.

"ఆ గింజలు పుచ్చుకుంటే ఆయన్ని నా చేత్తో నేను పంపేసినట్టే, వదినగారూ" అంది లోపల్నుంచి.

జనం బండి చుట్టూ ఊరికే నిలబడ్డారు. అప్పుడు వీధి చివరి పెద్దమ్మగారు కర్ర ఊతంతో వచ్చింది. ఆ అన్నగారిని కర్రతోనే పక్కకు జరిపింది.

"అమ్మాయ్, నేనూ ఎదురుచూసేనే. ఖాళీ కడుపుతో చూసేను. ఓ ఏడాది గడిచేసరికి ఆయన మొహం గుర్తు రావడం మానేసింది. ఎప్పుడూ అన్నమే గుర్తొచ్చేది. నువ్వు కడుపునిండా తిని ఎదురుచూడు. అలాగైతే ఆయన మొహం గుర్తుంటుంది."

లోపల గడియ తీసిన శబ్దం.

ఓడెక్కబోయే నాయనలారా, ఎంత దూరమైనా వెళ్ళండి, సంపాదించండి. కానీ వెనక ఉండేవాళ్ళ అన్నం ఏర్పాటు చేసి మరీ వెళ్ళండి. సముద్రం మిమ్మల్ని వదిలేసినా ఒడ్డు వదలకపోవచ్చు. మా ఇంట్లో చూశాం.

ఆ మధ్యాహ్నం మా మరదలు పెరట్లో ధాన్యం దంచింది. నన్ను రోకలి ముట్టనివ్వలేదు. చెమట నుదుటిమీద నుంచి బొట్టును కలుపుకుని ఎర్రగా ముక్కు దాకా జారింది. ఆవిడ తుడుచుకోలేదు. మేమెవరమూ తుడుచుకోమని చెప్పలేదు.