నా చెవుల ఆపరేషన్, అమ్మ మొక్కు

చెవులు బాగుచేయించుకుని పెళ్లి పోగొట్టుకున్నవాణ్ని ఈ భూమ్మీద నేనొక్కణ్నే అయ్యుంటాను. నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. పోనుపోను ఏడుపే.

అప్పట్లో నావి చేటచెవులు. గాలివాన వస్తే నన్నెక్కడ ఎత్తుకుపోతాయో అని కిటికీ ఊచలు పట్టుకునేవాణ్ని. నర్సీపట్నంలో ఎరువుల కొట్లో పని. యలమంచిలి నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు హైమ, ఆసుపత్రిలో నర్సు. ఫోటో చూడగానే మనసు పారేసుకున్నాను. నా ఫోటో మాత్రం జుట్టు చెవుల మీదికి దువ్వుకుని తీయించి పంపాను. తీరా మనిషిని చూసి వద్దంటుందేమోనని భయం పట్టుకుంది. విశాఖపట్నంలో చెవులు వెనక్కి నొక్కి కుట్టే డాక్టరున్నారని తెలిసి, స్నేహితుడి పెళ్లని అమ్మకు చెప్పి వెళ్లాను. తలచుట్టూ కట్టుతో ఇంట్లో దిగాను.

"ఓలమ్మో! ఏటయిందిరా నాయినా?"

"బండి మీంచి పడ్డానమ్మా. చిన్న దెబ్బే."

"సిన్న దెబ్బకి తలంతా కట్టేస్తారేటి? నిజం సెప్పు!"

"నిజమేనమ్మా."

అమ్మ అక్కడికక్కడే రెండు చేతులూ ఎత్తి మొక్కేసుకుంది. "సింహాద్రి అప్పన్నా! నా కొడుకుని బతికించావు. మెట్లెక్కొచ్చి ఈడి తలనీలాలిస్తాను!"

తలనీలాలంటే నున్నటి గుండు. పెళ్లిచూపులకు నెల కూడా లేదు.

"పెళ్లయ్యాక ఇద్దామమ్మా."

"మొక్కు తీర్సకుండా సంబంధానికెళ్తామేటి? తప్పురా!"

కట్టు విప్పిన వారానికి సింహాచలం వెళ్లాం. మోకాళ్ల నొప్పులతో అమ్మ పది మెట్లకోసారి కూర్చుంటూ ఎక్కింది. నిజం నోటిదాకా వచ్చింది. హైమ గుర్తొచ్చి మింగేశాను. అంత సిగ్గులేని పని నేను మళ్లీ చేయలేదు. కొండ మీద జుట్టంతా పోయాక అద్దం చూసుకుంటే, చెవులు బుద్ధిగా తలకి అతుక్కుని ఉన్నాయి. పైన మాత్రం కొబ్బరికాయ.

యలమంచిలిలో హైమ వాళ్ల నాన్నగారు నా గుండు చూసి నీళ్లు నమిలారు.

"అబ్బాయికి తలకేటైనా..."

"బండి మీంచి పడిపోనాడండీ! అప్పన్నే కాపాడాడు," అని అమ్మ మొదలెట్టింది. నేను చెప్పని లారీ కూడా ఒకటి అందులోకి వచ్చింది. ఆ లారీని ఆపలేక, హైమ నాయనమ్మగారి కాళ్లకు దండం పెడదామని వంగాను. వెనక కాఫీ పళ్లెంతో హైమ నిలబడి ఉంది.

"ఏవండీ," అంది నెమ్మదిగా. "బండి మీంచి పడితే రెండు చెవుల వెనకాలా ఒకే కొలతలో కుట్లు పడతాయా?"

వంగినవాణ్ని వంగినట్టే ఉండిపోయాను. ఆ నేలనే చూస్తూ అంతా చెప్పేశాను.

"మీ చెవుల సంగతి మాకు ముందే తెలుసండీ," అంది హైమ. "మా మావయ్య ఎరువుల కోసమని మీ కొట్టుకొచ్చి చూసెళ్లాడు. చెవులు పెద్దవే గానీ అబ్బాయి అబద్ధం ఆడడన్నాడు. అందుకే రమ్మన్నాం."

కాఫీ ఎవరూ తాగలేదు.

తిరుగు బస్సులో అమ్మ మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చుంది. చివరికి ఒక్క మాట అంది. "నా మోకాళ్లయినా గుర్తు రాలేదేటిరా?"

అందువల్ల పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ముక్కు వంకరపోయినా, పళ్లు ముందుకొచ్చినా, ఇకమీదట నా ఆకారం జోలికి పోను. పోవాల్సివస్తే ముందు అమ్మకు నిజం చెప్తాను. చెప్పేముందు ఆవిడ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంటాను.