‘దాన్’ ఎక్కడ పెట్టాలి

మొన్న మా అమ్మాయి మెసేజ్ పెట్టింది, చూసొచ్చిన కొత్త ఫ్లాట్ పాతదాని కంటే ‘మోర్ బెటర్’ అని. ఇంగ్లీషు మీడియంలో చదివించిన పిల్ల! ఒళ్లు మండిపోయింది. ‘బెటర్’ చాలదా, దాని నెత్తిన ఇంకో ‘మోర్’ ఎందుకని ఫోన్ చేసి మరీ తిట్టాను. తిడుతుంటే గుర్తొచ్చింది, పన్నెండేళ్లప్పుడు మా మేనత్తని కూడా అచ్చం ఇలాగే తిట్టేదాన్ని.

ఎనభైల్లో కామాఠిపురలో వరస గదులున్న ఒక చాల్‌లో, ఒకే గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. అత్త మా నాన్నకి చెల్లెలు. కాపురం పొసగక మా దగ్గరికి వచ్చేసి, నైట్ స్కూల్లో పదో తరగతి చదివింది. అన్నీ పాసై ఇంగ్లీషు ఒక్కటే రెండుసార్లు తప్పింది. పది గట్టెక్కితే మున్సిపల్ ఆసుపత్రిలో ఉద్యోగం దొరికే దారి ఉంది. ఈసారీ తప్పితే తనతోపాటు ‘నాకా’ దగ్గర, కూలీల అడ్డా మీద నిలబడి పనికి రమ్మన్నాడు నాన్న. ఆ రోజు అత్త అన్నం ముట్టలేదు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి చదువు చెప్పే పని నా మీద పడింది.

నీళ్ల బకెట్లతో జనం తొక్కుకుంటూ తిరిగే వరండాలో మా పాఠం. “మన గల్లీ కంటే ఫాక్‌లాండ్ రోడ్ పెద్దది” అని తెలుగులో చెప్పి ఇంగ్లీషులో రాయమనేదాన్ని. ముందు చెవిన పడినదాన్నే ముందు పెట్టేసేది అత్త. అంతే, ఒక హాత్‌గాడీ అడ్డం నిలబెడితే మూసుకుపోయే మా గల్లీ ఫాక్‌లాండ్ రోడ్ కంటే పెద్దదైపోయేది. పేర్లు అటువి ఇటు మార్చు, నడుమ ‘కంటే’కి బదులు ‘దాన్’ పెట్టు అని వందసార్లు చెప్పి ఉంటాను.

“మన దాంట్ల ముంగట అన్నది ముంగటనే ఉంటది గదనే. ఇంగ్లీషోల్లు ఎనుకకు నడుస్తరా ఏంది?” అనేది. నాకు ఏడుపొచ్చేది. పలక అక్కడే పడేసి లేచిపోయిన రోజులూ ఉన్నాయి. ఆ పొగరుకి ఇప్పుడు సిగ్గేస్తుంది.

పరీక్ష రాసి వచ్చిన రోజు మెట్ల దగ్గరే పట్టుకున్నాను. కుటుంబం గురించి రాయమన్నారట. ఏం రాశావంటే గుక్క తిప్పుకోకుండా చెప్పింది, ‘ఐ యామ్ ఓల్డర్ దాన్ మై మదర్’ అని. తల పట్టుకున్నాను.

“అత్తా, మల్ల ఉల్టా రాసినవ్. అమ్మ కంటే నువ్వు పెద్దదానివెట్లయితవ్?”

అత్త కోప్పడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఈపారి బరాబర్ రాసిన బిడ్డా. మా అమ్మ నన్ను కన్న ఏడాదికే పాయె. అప్పుడామెకు ఇరవై నాలుగు. నాకిప్పుడు ఇరవై ఆరు.”

పేపరు దిద్దినవాళ్లు ఆ వాక్యాన్ని ఏం చేశారో తెలియదు. అత్త మాత్రం బొటాబొటిగా పాసై ఆసుపత్రిలో చేరింది. నాకిప్పుడు యాభై దాటాయి. నేనెన్నడూ చూడని మా నాయనమ్మకి ఇంకా ఇరవై నాలుగే.